బొమ్మలో పొద్దు

కట్టని ఇంటిని కట్టినట్లుగా చూపగలగడం ఈ కాలపు విద్యలలో ఒకటి. పునాది తవ్వకముందే గోడలు, మెట్లు, కిటికీలు, పెరట్లో చెట్టు, చెట్టు కింద కుర్చీ సమస్తమూ కంప్యూటర్ తెరమీద ప్రత్యక్షమవుతాయి. ఒకప్పుడు మహానగరాలకే పరిమితమైన ఈ బొమ్మలు నేడు జమ్మికుంట వంటి పట్టణాలలో సైతం రహదారి పక్కన బోర్డులకెక్కాయి. పత్తితో మార్కెట్ యార్డుకు వెళ్ళే రైతు కూడా ఒక్క క్షణం తలయెత్తి వాటిని చూస్తాడు. ఆ బొమ్మలలో ఇల్లు పెద్దదైనా చిన్నదైనా, తూర్పు ముఖమైనా పడమటి ముఖమైనా ఒక సంగతి మాత్రం మారదు. ప్రతి గదిలోనూ వెలుగు పొంగిపొర్లుతూ ఉంటుంది. వంటగది మూల సైతం మెరుస్తూ ఉంటుంది. ఆ వెలుగు ఏ ఊరిది? ఏ మాసంలోనిది? ఏ వేళది? ఈ ప్రశ్నలు అడిగేవారు నాకు ఇంతవరకు ఎక్కువగా తారసపడలేదు.

ఇంటి బొమ్మలో గది కొలత ఒక అడుగు తప్పితే మనం దానిని తప్పు అంటాం. వెలుగు తప్పితే అందమని మెచ్చుకొంటాం. నా అభిప్రాయంలో రెండూ తప్పులే. రెండవదే పెద్దదని కూడా అంటాను. గది కొలతను టేపు పట్టి సరిచూడవచ్చు. రాబోయే వెలుగును కొనుగోలుదారుడు ఏ టేపుతో కొలుస్తాడు? అతడు బొమ్మను నమ్మి, ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును ముందుగా చెల్లించి, ఇల్లు పూర్తయి అందులో చేరి, మిట్టమధ్యాహ్నం దీపపు స్విచ్చి వేసుకొన్ననాడు గాని అసలు సంగతి తెలియదు.

ఈ అభిప్రాయం నాకు మా ఇంట్లో జరిగిన ఒక చిన్న ప్రయోగం వల్ల కలిగింది. మా అన్నగారి కుమారుడు సివిల్ డిప్లొమా చదివి, ఆ తరువాత కంప్యూటర్‌లో భవనాల బొమ్మలు తయారుచేసే పనిలో కుదురుకొన్నాడు. జమ్మికుంటలోని మా పాత గూనపెంకుల ఇంటిని పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకొని చాలాకాలమైంది. పాత ఇంటికి మిగిలిన గుర్తు ఒక పెండ్లి నాడు వాకిట్లో తీసిన ఛాయాచిత్రం మాత్రమే. మా అమ్మకు ఎనభై ఏండ్లు దాటాయి. ఆమె మాటల్లో ఆ ఇల్లు ఇంకా నిలిచే ఉన్నది. ఆ ఇంటిని ఆమెకు మరల కండ్లకు కట్టించాలని అబ్బాయి సంకల్పించాడు. కొలతలు నేను జ్ఞాపకం నుంచి చెప్పాను. వాకిలి, అరుగు, నడిల్లు, రెండు అర్రలు, వంటిల్లు, గోడలో దీపం పెట్టే గూడు, పైన గాలి కోసం విడిచిన గవాచి, నడింటి కప్పులో పెంకుల మధ్య ఇమిడ్చిన ఒక అద్దం పెంక అన్నీ వారం దినాలలో తెరమీదికి వచ్చాయి.

ఆ బొమ్మను చూసి నేను ఆశ్చర్యపోయాను. గోడల సున్నం తళతళలాడుతున్నది. నడింట్లోకి పక్క నుంచి బంగారు రంగు ఎండ పడుతున్నది. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసింది.

“ఇల్లు సక్కగనే ఉన్నది కొడుకా. గని ఇది మనది గాదు,” అన్నది.

“అట్లంటవేంది బాపమ్మా? కొలతలన్నీ చిన్నబాపు చెప్పినయే,” అన్నాడు అబ్బాయి కొంచెం నొచ్చుకొని.

“కొలతలు నాకేమెరుక బిడ్డా! గింత వెలుగు మనింట్ల ఎన్నడున్నది? నడింట్ల పట్టపగలు గూడ బియ్యంల రాళ్ళు కనబడకపోయేది. శాట పట్టుకొని అరుగు మీదికొచ్చి ఏరుకునేదాన్ని.”

ఆ మాటతో మా పని మళ్ళీ మొదటికి వచ్చింది. నిజం చెప్పాలంటే అసలు పని అప్పుడే మొదలైంది.

కంప్యూటర్ వెలుగును ఎట్లా లెక్కిస్తుందో కొంత తెలుసుకొంటే గాని అమ్మ పట్టుకొన్న తప్పు ఎక్కడ ఉన్నదో బోధపడదు. 1980లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన టర్నర్ విటెడ్ ఒక పద్ధతిని ప్రచురించాడు. చూసేవాని కంటి నుంచి తెరలోని ప్రతి చుక్క గుండా ఒక ఊహారేఖను పంపి, అది ఏ వస్తువుకు తగులుతుందో, అక్కడి నుంచి ఎటు మళ్ళుతుందో వెంటాడడం ఆ పద్ధతి సారాంశం. దానినే రే ట్రేసింగ్ అంటున్నారు. దీనివల్ల అద్దంలో ప్రతిబింబాలు, గాజుగోళాలు అద్భుతంగా వచ్చాయి. నీడలు మాత్రం కత్తితో కోసినట్లుండేవి. నీడలో ఉన్న చోటికి కూడా చుట్టుపక్కల గోడల మీదనుంచి చెదిరిన వెలుగు చేరుతుందన్న సంగతి ఆ లెక్కలో ఇమడలేదు. 1984లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గోడకూ గోడకూ మధ్య జరిగే ఈ కాంతి వినిమయాన్ని లెక్కకట్టారు. రంగు గోడలున్న ఒక పెట్టెను నిజంగానే చేయించి, దాని పక్కన కంప్యూటర్ బొమ్మను ఉంచి పోల్చుకొన్నారు. ఒక గోడ ఎరుపు పక్కనున్న తెల్లని గోడ మీదికి పాకడం బొమ్మలోనూ కనిపించింది. 1986లో జేమ్స్ కజియ అనే శాస్త్రజ్ఞుడు ఈ వ్యవహారమంతటినీ ఒకే సమీకరణంలో నిబంధించాడు. ఈనాటి బొమ్మలన్నీ మొత్తంమీద ఆ సమీకరణానికి చేసిన అంచనాలే.

గోడ మీదనుంచి వచ్చే వెలుగు అనగానే ఇదేదో ప్రయోగశాల విషయమని భావించనక్కరలేదు. చలికాలంలో జమ్మికుంట పత్తి మార్కెట్‌కు ఒకసారి వెళ్ళి నిలబడండి. ఆరుబయట పోసిన పత్తి కుప్పల నడుమ తిరిగే మనుషుల ముఖాలను పరిశీలించండి. తలపాగా కింద, కనుబొమల కింద, గడ్డం కింద ఉండవలసిన నీడలు అక్కడ ఉండవు. పైనుంచి పడిన ఎండ తెల్లని పత్తికి తగిలి కిందినుంచి ముఖాలను వెలిగిస్తుంది. యార్డు దాటి తారు రోడ్డు మీదికి రాగానే అవే ముఖాలు నల్లబడతాయి. మా నాన్నగారు ఆ మార్కెట్‌లో తూకం వేసే దడువాయిగా పనిచేశారు. ఆయనను యార్డులో చూసినప్పుడు ఇంట్లో కంటే చిన్నవాడుగా కనిపించేవారు. ఆ సంగతికి కారణం నాకు ఈ ప్రయోగం నాటికి గాని స్ఫురించలేదు.

మా బొమ్మలోని మొదటి తప్పు గోడలలో దొరికింది. అబ్బాయి గోడలకు తెలుపు రంగు ఇచ్చాడు. కంప్యూటర్‌కు సంబంధించినంతవరకు ఆ తెలుపు తనమీద పడిన వెలుగులో నూటికి నూరుపాళ్ళూ తిప్పి పంపుతుంది. లోకంలో అటువంటి సున్నం లేదు. కొత్తగా వేసిన వెల్ల కూడా నూటికి దాదాపు ఎనభై పాళ్ళనే తిప్పి పంపగలదు. రంగు వేయని బూడిదరంగు సిమెంటు గోడ ముప్పై పాళ్ళకు మించకపోవచ్చు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, వెలుగు ఒక గోడ నుంచి మరొక గోడకు, అక్కడి నుంచి ఇంకొక గోడకు తగిలే కొద్దీ పెరుగుతుంది. మూడు గోడలు తగిలేసరికి వెల్ల వేసిన ఇంట్లో సగం వెలుగు మిగులుతుంది. సిమెంటు గోడల గదిలో నూటికి మూడు పాళ్ళు కూడా మిగలదు. నూటికి నూరు తిప్పి పంపే గోడల మధ్య మాత్రం వెలుగు తగ్గడమనేదే ఉండదు. బోర్డుల మీది వంటగది మూలలు ఎందుకు మెరుస్తున్నాయో నాకు అప్పుడు కొంత అర్థమైంది.

ఇక మా ఇంటి గోడలు కొత్త వెల్ల గోడలు కూడా కావు. పండుగకు ఒకసారి వేసిన సున్నం పొయ్యి పొగకు పసుపు తిరిగి, నడుమెత్తు దాకా పిల్లల చేతుల మురికి అంటి ఉండేది. గోడల అడుగున, గడపల మీద జాజు పూసేవారు. నేల అలికిన మట్టి నేల. ఈ రంగులను ఒక్కొక్కటిగా మార్చుకొంటూ పోయేసరికి గది క్రమంగా చీకటి పడింది. దానితోపాటు ఒక వింత కూడా జరిగింది. గోడ అడుగుభాగమంతా సన్నగా ఎరుపు తేలింది. జాజు ఎరుపు పక్కనున్న సున్నం మీదికి పాకింది. కార్నెల్ పెట్టెలో పరిశోధకులు చూసిన వింత ఇదే. అమ్మను అడిగితే, “అది గట్లనే ఉంటది గద,” అన్నది, అందులో వింతేమున్నదన్నట్లు.

రెండవ తప్పు ఆకాశంలో ఉన్నది. అబ్బాయి సూర్యుణ్ణి తన సాఫ్ట్‌వేర్‌లో ఉన్నచోటనే ఉంచేశాడు. ఈ రంగంలో మనం అనుకరించే బొమ్మలు చాలావరకు ఐరోపా, అమెరికా దేశాలవి. అక్కడి వారు తమ సూర్యుణ్ణి తమ బొమ్మలలో నిలుపుకొన్నారు. అందులో వారి తప్పేమీ లేదు. లండన్ నగరంలో డిసెంబరు మూడవ వారాన మధ్యాహ్నం వేళ సూర్యుడు దిగంతానికి పదిహేను డిగ్రీల ఎత్తులో మాత్రమే ఉంటాడు. అదే రోజున జమ్మికుంటలో నలభై ఎనిమిది డిగ్రీల ఎత్తున ఉంటాడు. కనుక ఆ దేశపు చలికాలపు ఎండ కిటికీగుండా గది వెనుక గోడ దాకా చాచుకొని పడుతుంది. మన ఎండ కిటికీ దగ్గరే కిందికి దిగుతుంది.

అంతకంటె విశేషమైనది మరొకటి ఉన్నది. జమ్మికుంట ఉత్తర అక్షాంశం సుమారు పద్దెనిమిదిన్నర డిగ్రీలకు కొంచెం తక్కువ. అందువల్ల ఏటా మే రెండవ వారం చివరన ఒకసారి, జూలై నెలాఖరున మరొకసారి మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కట్టెకు ఆ క్షణాన నీడ ఉండదు. ఈ రెండు దినాల మధ్య కాలంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరపు దిక్కున ఉంటాడు. ఉత్తరపు గోడకు ఎండ తగలదని నమ్మేవారు జూన్ నెలలో తమ ఇంటి వెనుకకు వెళ్ళి చూసుకోవచ్చు. బొమ్మలోని సూర్యునికి ఊరి అక్షాంశం, తేదీ, గంట ఇవ్వడం చాలా సాఫ్ట్‌వేర్‌లలో నిమిషం పని. ఆ నిమిషం వెచ్చించేవారు అరుదు.

మేము డిసెంబరు నెలను, మధ్యాహ్నం వేళను ఎంచుకొన్నాం. అప్పటికి మా నాన్నగారు మార్కెట్ నుంచి భోజనానికి ఇంటికి వచ్చే కాలం అదే. సూర్యుణ్ణి అక్కడ నిలిపేసరికి బంగారు ఎండ కాస్తా మాయమైంది. నడిల్లు దాదాపు నల్లబడి, అద్దం పెంక గుండా దిగిన ఒక్క వెలుగు తునక మాత్రం నేలమీద మిగిలింది.

ఈ నలుపు కూడా నిజం కాదు. ఇంట్లోకి అడుగు పెట్టగానే చీకటిగా తోచినా, కొంతసేపటికి కండ్లు సర్దుకొని గూట్లోని దీపం, మూలనున్న కుండలు కనిపించేవి. బయటి ఎండ సుమారు లక్ష లక్సుల వెలుగు. లక్సు అనేది వెలుగును కొలిచే ప్రమాణం. అటువంటి పెంకుటింటి లోపల వంద లక్సులు కూడా ఉండకపోవచ్చు. వెయ్యి రెట్ల ఈ తేడాను మన కన్ను భరించినట్లు కెమెరా గాని తెర గాని భరించలేవు. ఎంత వెలుగును ఎంతకు కుదించి చూపాలన్న నిర్ణయం బొమ్మ గీసేవాడే చేయాలి. ఇక్కడ లెక్క ముగిసి వివేకం మొదలవుతుంది. అబ్బాయి నాలుగు మెట్లలో నాలుగు బొమ్మలు చేశాడు. రాత్రంతా కంప్యూటర్ నడిచేది. ఉదయం చూస్తే బొమ్మ నిండా ఇసుక చల్లినట్లు గరుకుదనం. కిరణాలను యాదృచ్ఛికంగా ఎన్నుకొని లెక్కిస్తారు కనుక, తక్కువ వెలుగున్న గదులలో ఈ గరుకు ఎక్కువ. దానిని సగానికి తగ్గించాలంటే కిరణాలను నాలుగు రెట్లు పెంచాలి. వెలుగైన గదిని చూపడం సులభం, చీకటి గదిని చూపడం కష్టం. బజారు బొమ్మలలో చీకటి మూలలు లేకపోవడానికి ఈ ఖర్చు కూడా ఒక కారణమని అబ్బాయి చెప్పాడు.

ఈ పనికి అవసరమైన పరికరాలు ఖరీదైనవేమో అన్న సందేహం రావచ్చు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2002లో దాని అభిమానులు విరాళాలు పోగుచేసి విడిపించి, అందరికీ ఉచితం చేశారు. కాంతిని ఇట్లా లెక్కించే భాగం 2011లో అందులో చేరింది. ఒక మోస్తరు కంప్యూటర్, ఓపిక ఉంటే జమ్మికుంటలోని విద్యార్థి కూడా ఈ ప్రయోగాలు చేయవచ్చు. కొరత ఉన్నదల్లా చూపు విషయంలోనే.

ఆ చూపును మన పూర్వులు రాతిలో నిరూపించి పోయారు. నల్లగొండ సమీపంలోని పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉన్నది. అక్కడ గర్భాలయంలో ఒక స్తంభపు నీడ పగలంతా దాదాపు కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు నడుస్తుంటే నీడ ఎట్లా నిలిచిందని జనం అబ్బురపడుతుంటారు. గర్భాలయంలోకి నేరుగా ఎండ రాదు. ఆకాశం నుంచి చెదిరి, మండపంలోని స్తంభాల పక్కల నుంచి వచ్చే వెలుగు మాత్రమే లోపలికి చేరుతుంది. స్తంభం అడ్డగించిన మేర నీడ ఏర్పడుతుంది. వెలుగు వచ్చే దారులు మారవు కనుక నీడ స్థానమూ మారదు. నేటి కంప్యూటర్ నిపుణులు పరోక్షకాంతి అని దేనిని పిలుస్తున్నారో, దానితోనే ఆ శిల్పులు పని చేయించుకొన్నారు. 1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభాల గుడి మనకు ఇంకా దగ్గర. అక్కడి నునుపైన నల్లరాతి స్తంభాల మీద మెరుపు మనం నడిచిన కొద్దీ మనతో నడుస్తుంది. గరుకు రాతి మీద అట్లా నడవదు. వస్తువు నునుపును బట్టి మెరుపు ఎట్లా మారుతుందో 1975లో సూత్రీకరించిన వాడు వియత్నాంలో పుట్టిన బుయ్ తువాంగ్ ఫోంగ్. ఆ సూత్రాన్ని చదివే విద్యార్థి ఒక ఉదయం ఆ గుడిలో కూర్చుంటే పాఠం సగం వచ్చినట్లే.

ఊహకు ఇందులో చోటు లేదా అని అడగవచ్చు. తప్పకుండా ఉన్నది. 2015లో వచ్చిన బాహుబలి చిత్రంలోని మాహిష్మతి నగరం కొంత సాబు సిరిల్ నిర్మించిన సెట్లలో, మిగిలినది వి. శ్రీనివాస్ మోహన్ పర్యవేక్షణలో కంప్యూటర్లలో పుట్టింది. ఆ చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ పురస్కారం కూడా లభించింది. అక్కడి ఎండ ఏ అక్షాంశానిదని ఎవరూ నిలదీయరు. టిక్కెట్టు కొన్నవాడు కథ చూడటానికే వచ్చాడు. ఆ చిత్ర దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి 2017లో అమరావతి శాసనసభకు ఒక ఊహాదృశ్యాన్ని రూపొందించారు. అందులో సూర్యకిరణాలు లోపలికి ప్రవేశించి తెలుగుతల్లి విగ్రహం మీద పడతాయి. ఇది అరసవల్లిని తలపించే ఆలోచన. శ్రీకాకుళం జిల్లాలోని ఆ సూర్యదేవాలయంలో ఏటా మార్చి, అక్టోబరు మాసాలలో ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. తెరమీద కిరణాన్ని ఎటైనా తిప్పవచ్చు. అరసవల్లిలో మాత్రం సూర్యుడు వచ్చే దారిని కనిపెట్టి గుడిని నిలపవలసి వచ్చింది. ఇల్లు అమ్మేవాని బొమ్మ ఈ రెండింటిలో ఏ కోవకు చెందాలన్నదే నా ప్రశ్న. చిత్రసీమ స్వేచ్ఛను తీసుకొని, అరసవల్లి గౌరవాన్ని ఆశించడం న్యాయం కాదు.

ప్రకటనలన్నిటిలోనూ కొంత అతిశయోక్తి సహజమని, కొనేవారికి ఆ మాత్రం తెలియదా అని కొందరు వాదిస్తారు. సబ్బు విషయంలో ఈ వాదం నాకు సమ్మతమే. నచ్చకపోతే మరుసటి నెల వేరే సబ్బు కొనుక్కోవచ్చు. ఇంటిని మరుసటి నెల మార్చలేము. మన చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలో గాని నమూనాలో గాని ఉన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి సొమ్ము చెల్లించి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలి. అయితే అయిదువందల చదరపు మీటర్లు మించని స్థలంలోనో, ఎనిమిదికి మించని ఫ్లాట్లతోనో కట్టే నిర్మాణాలను ఆ చట్టం కింద నమోదు చేయించనవసరం లేదు. చిన్న పట్టణాలలో కట్టేవి ఎక్కువగా అటువంటివే. బొమ్మలోని ఎండను తప్పుడు సమాచారంగా ఎవరు, ఎట్లా రుజువు చేస్తారన్నది మరొక చిక్కు.

పైగా మన ప్రాంతంలో వెలుగుతోపాటు వేడి కూడా వస్తుంది. మే నెలలో నలభై అయిదు డిగ్రీల ఎండ కాసే చోట పాత ఇండ్లవారు కిటికీలను చిన్నవి చేసి, గోడలను మందంగా పెట్టి, చూరును కిందికి దించి కట్టుకొన్నారంటే వారికి వెలుగు విలువ తెలియక కాదు. ఆ చీకటి వారు కావాలని తెచ్చుకొన్న చల్లదనం. నేలనుంచి కప్పు దాకా అద్దాలు పెట్టిన పడమటి గదిలో సాయంకాలపు ఎండ ఒలికిపోతున్నట్లు చూపే బొమ్మలో వెలుగు నిజమే అయినప్పటికీ, ఆ గదిలో మే నెల సాయంత్రం కూర్చోవడం ఎట్లా ఉంటుందో బొమ్మ చెప్పదు. మా నడిల్లు చీకటిదన్న ఫిర్యాదు అమ్మ నోట నేను ఎన్నడూ వినలేదు. బియ్యం ఏరడానికి అరుగు ఉన్నది.

మూడు వారాల తరువాత అబ్బాయి మరల బొమ్మను తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. ఈసారి ఆమె ముఖాన్ని తెరకు దగ్గరగా తీసుకువెళ్ళింది. నడిల్లు మసకగా ఉన్నది. అద్దం పెంక వెలుగు ఉత్తరపు గోడ దగ్గరున్న ఇసుర్రాయి మీద పడి ఉన్నది. ఆ వెలుగును అక్కడ మేము పెట్టలేదు. పన్నెండడుగుల ఎత్తునున్న పెంక నుంచి డిసెంబరు మధ్యాహ్నపు ఎండ దిగితే, అది పెంకకు సరిగా కింద కాక, దాదాపు పదిన్నర అడుగులు ఉత్తరంగా నేలను తాకుతుంది. జూన్ నెలలో అయితే ఒక్క అడుగు దక్షిణంగా తాకుతుంది. లెక్క తనంతట తాను చేసిన పని అది.

“పొద్దు ఇసుర్రాయి మీదికొచ్చింది,” అన్నది అమ్మ. “మీ తాత బువ్వకచ్చే యాళ్ళయింది. చలికాలమే గద ఇది?”

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకొన్నాం. నెల గాని వేళ గాని ఆమెకు మేము చెప్పలేదు. మా ఇంట్లో గోడ గడియారం వచ్చింది చాలా ఆలస్యంగా. అంతకుముందు ఆమె అద్దం పెంక వెలుగును చూసే పొయ్యి ముట్టించేదన్న సంగతి నాకు ఆనాటి వరకు తెలియదు. ఆ తరువాత ఆమె ఇసుర్రాయి పక్కన ఉండవలసిన చాట లేదని, గూటి పైన దీపపు మసి తక్కువైందని, ఉట్టి మరీ కిందికి ఉన్నదని వరుసగా తప్పులు చెప్పసాగింది. అబ్బాయి కాగితం తీసుకొని రాసుకొన్నాడు.

కొన్నాళ్ళకు అబ్బాయి ఒక సలహా కోసం నా దగ్గరికి వచ్చాడు. అతనికి పని ఇచ్చిన ఒక బిల్డర్ ఏడు ఫ్లాట్ల భవనానికి బొమ్మలు అడిగాడు. వెనుకవైపు ఫ్లాట్ల పడకగది కిటికీకి నాలుగడుగుల దూరంలో పక్కవారి మూడంతస్తుల గోడ ఉన్నది. ఆ గోడను బొమ్మలో తీసివేసి, కిటికీగుండా మంచం మీద ఎండ పడేటట్లు చేయమని అతడు కోరాడు.

“గోడ పెట్టి చేస్తే గది ఎట్లొచ్చింది?” అని అడిగాను.

“మన నడిల్లంత చీకటి, చిన్నబాపూ. గని మనింట్ల ఉన్న చల్లదనం గూడ ఉండదు. సిమెంటు గోడ గద.”

గదికి లేత రంగు వేసి, పక్కగోడకు వారి అనుమతితో వెల్ల వేయిస్తే వెలుగు కొంత పెరుగుతుందని బొమ్మలోనే చూపమన్నాను. అతడు అట్లాగే చేశాడు. గోడ ఉన్న బొమ్మ ఒకటి, గోడకు వెల్ల వేసిన బొమ్మ ఒకటి పట్టుకొని వెళ్ళాడు. బిల్డర్ రెండింటినీ చూసి, పక్కగోడకు వెల్ల వేయించడానికి ఎంత ఖర్చవుతుందని అడిగాడట. బోర్డు మీదికి మాత్రం ఆ రెండూ ఎక్కలేదు. మంచం మీద ఎండ పడుతున్న బొమ్మను వేరే వారి చేత చేయించుకొన్నాడు. అది ఇప్పటికీ ఆ రోడ్డు పక్కన ఉన్నది.